బంగారు గోడ, గుండుసూదులు, బొగ్గు

1975లో నేపుల్స్‌లోని ఒక గ్యాలరీలో గోడ మొత్తానికీ బంగారు రేకు అతికించారు. దాని ముందు పాతకాలపు కోటు స్టాండు. స్టాండుకు తగిలించిన నల్ల కోటు, నల్ల టోపీ. పక్కన వెలుగుతున్న నూనె దీపం. మనిషి మాత్రం లేడు. ‘పౌర విషాదం’ అని అర్థం వచ్చే ఇటాలియన్ పేరున్న ఈ పని చేసింది యానిస్ కునెలిస్. 1936లో ఏథెన్స్ రేవు పట్టణం పిరేయస్‌లో పుట్టి, ఇరవై ఏళ్లకే రోమ్ చేరి, 2017లో చనిపోయేదాకా అక్కడే ఉన్న కళాకారుడు. ఆ గోడ మీద గ్రీకు దేవతలు లేరు. ముందు స్తంభం లేదు. ఎక్కడా విరిగిన పాలరాతి చెయ్యి లేదు. కానీ ఆర్థడాక్స్ చర్చిలో మెరిసే బంగారు నేపథ్యం, దాని ముందు రాత్రీపగలూ వెలిగే దీపం తెలిసిన ఎవరికైనా ఇందులో లేనిదేమిటో వెంటనే తడుతుంది. సాధువు నిలబడవలసిన చోట ఒక మామూలు మనిషి వదిలేసిన కోటు వేలాడుతోంది. నా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. గ్రీకు నేల మీద పుట్టి వెళ్లిపోయినవాళ్లు, గ్రీకు తల్లిదండ్రులకు పరాయి నేల మీద పుట్టినవాళ్లు ఇరవయ్యో శతాబ్దపు కళకు చాలా ఇచ్చారు. వాళ్ల పనిలో మూలాలు ఉన్నాయి. కాకపోతే వాటిని మనం వెతుకుతున్న చోటు తప్పు. మనం ఆకారాల్లో, పురాణ పాత్రల్లో వెతుకుతున్నాం. అవి ఉన్నది పదార్థంలో, వెలుగును వాడుకునే తీరులో, చేతిపని అలవాట్లలో.

తప్పు చోట వెతకడానికి కారణం ఉంది. తెల్లటి గ్రీస్ అనే బొమ్మను గ్రీకులు తయారుచేయలేదు. 1764లో ప్రాచీన కళాచరిత్ర రాసి యూరప్ అభిరుచినే మార్చిన జర్మన్ పండితుడు వింకెల్‌మన్ జీవితంలో ఒక్కసారి కూడా గ్రీస్‌లో అడుగుపెట్టలేదు. రోమ్‌లో ఉన్న శిల్పాలు, అందులోనూ ఎక్కువగా రోమన్లు చేయించుకున్న నకళ్లు చూసి, ఆ తెలుపునీ ఆ నిబ్బరాన్నీ అందానికి కొలమానం చేశాడు. నిజానికి ఆ శిల్పాలకు రంగులు వేసేవారు. నీలం, ఎరుపు, పసుపు, బంగారు పూత అన్నీ ఉండేవి. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం లార్డ్ ఎల్గిన్ దగ్గర 35 వేల పౌండ్లకు కొన్న ఏథెన్స్ పార్థెనాన్ ఆలయ శిల్పాలను, 1930ల చివర కొత్త గ్యాలరీకి సిద్ధం చేస్తూ, రాగి పనిముట్లతో గీకి మరీ తెల్లగా చేయించారు. శతాబ్దాల పొర ఊడివచ్చింది. ఈ కొలమానం గ్రీస్‌తోనే ఆగలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన పల్నాడు సున్నపురాయి శిల్పాలు 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. ఎల్గిన్ శిల్పాల వరుసలోనే వాటికి ‘ఇలియట్ మార్బుల్స్’ అనే పేరు పడింది. ఇప్పుడు రెండూ ఒకే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఏది గొప్ప కళ అనిపించుకోవాలన్నా పాలరాయి వేషం కట్టక తప్పని కాలం అది. అలాంటి కాలం గడిచాక పుట్టిన గ్రీకు కళాకారుడి ముందు రెండే దారులు మిగిలాయని అనుకునేవారు: ఆ తెలుపును మోయడం, లేదా దాన్ని పూర్తిగా వదిలేయడం. ముందుకు వచ్చిన కళాకారులు మూడో దారి పట్టారు. తమ ఇళ్లలో, చర్చిల్లో, రేవుల్లో నిజంగా ఉన్నదాన్ని పట్టుకున్నారు.

ఈ దారి కొత్తదేమీ కాదు. దీనికి మొదటి పెద్ద సాక్షి ఎల్ గ్రెకో. అసలు పేరు దొమీనికోస్ థెయొతొకొపూలోస్. 1541లో క్రీట్ ద్వీపంలోని కాండియాలో, ఇప్పటి హెరాక్లియన్‌లో, పుట్టాడు. ఆ ద్వీపం అప్పుడు వెనిస్ ఏలుబడిలో ఉండేది. ఐకాన్లు, అంటే ఆర్థడాక్స్ క్రైస్తవులు ఆరాధించే చిత్రపటాలు, రాసే పనిలో చెయ్యి తిరిగాక, 1567 ప్రాంతంలో వెనిస్‌కు, 1570లో రోమ్‌కు, 1577కల్లా స్పెయిన్‌లోని టొలేడోకు చేరాడు. స్పెయిన్ ఆయన్ని తన చిత్రకారుడిగా చేసుకుంది. ఆయన మాత్రం బొమ్మల మీద సంతకం చివరిదాకా గ్రీకు లిపిలోనే చేశాడు. కొన్నిటి మీద క్రీట్‌వాణ్ణని కూడా రాసుకున్నాడు. సంతకం వరకే అయితే దాన్ని పుట్టిన ఊరి మీద మమకారం అని సరిపెట్టుకోవచ్చు. కానీ 1983లో సీరోస్ ద్వీపంలోని ఒక చర్చిలో పాత ఐకాన్ మీద ఆయన సంతకం బయటపడింది. కన్య మరియ నిర్యాణం దాని విషయం. బైజాంటిన్, అంటే మధ్యయుగపు గ్రీకు క్రైస్తవ, సంప్రదాయంలో ఆ దృశ్యానికి ఒక స్థిరమైన పద్ధతి ఉంది. కింద మరియ దేహం అడ్డంగా ఉంటుంది. చుట్టూ శిష్యులు వంగి ఉంటారు. క్రీస్తు ఆమె ఆత్మను పసిబిడ్డ రూపంలో ఎత్తుకుంటాడు. ఇప్పుడు టొలేడోలోని సాంటో టోమె చర్చికి వెళ్లి 1586-88 మధ్య ఆయన వేసిన ‘ఓర్గాజ్ ప్రభువు ఖననం’ చూడండి. కింద దేహం, వంగిన మనుషులు, మధ్యలో పసిబిడ్డ ఆకారంలో ఉన్న ఆత్మను పైకి చేరవేస్తున్న దేవదూత. స్పెయిన్ ప్రభువుల నల్ల దుస్తులు, తెల్ల మెడపట్టీల కింద ఉన్న ఎముకల గూడు క్రీట్‌ది. చిత్రంలో నిలబడ్డ పిల్లవాడి జేబురుమాలు మీద గ్రీకు లిపిలో సంతకం సరేసరి. ఇంకో రుజువు ఆయన చేతిరాతలోనే ఉంది. ఇటాలియన్ కళాకారుల చరిత్ర రాసిన వసారీ పుస్తకాన్ని ఆయన చదువుతూ అంచుల్లో వ్యాఖ్యలు రాసుకున్నాడు. పాత గ్రీకు పద్ధతిని మోటు పని అని కొట్టిపారేసిన వసారీకి ఆ పద్ధతి అసలు తెలియదన్నది వాటిలో ఆయన అభ్యంతరం. మూలాల గురించి ఒక కళాకారుడు వాదనకు దిగడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన వెనకేసుకొచ్చింది ప్రాచీన శిల్పి ఫీడియస్ పాలరాతిని కాదు, ఐకాన్ రాసే చేతిని.

ఆ తర్వాతి వలసల చరిత్ర పెద్దది, అయినా క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1890ల నుంచి 1920ల దాకా నాలుగు లక్షలకు పైగా గ్రీకులు అమెరికా వెళ్లారు. 1924లో అక్కడి చట్టం గ్రీకుల వాటాను ఏడాదికి 100 మందికి కుదించాక ఆ తలుపు దాదాపుగా మూసుకుంది. 1922లో ఆసియా మైనర్ రేవు నగరం స్మిర్నా తగలబడింది. మరుసటి ఏడాది లోజాన్ ఒప్పందం కింద ఆసియా మైనర్ నుంచి 12 లక్షల మందికి పైగా ఆర్థడాక్స్ క్రైస్తవులు గ్రీస్‌కు రావలసివచ్చింది. ఇలా వచ్చిపడ్డవాళ్లలో ఒకడైన ఫోటిస్ కొంటోగ్లూ ఏథెన్స్‌లో కూర్చుని బైజాంటిన్ చిత్రకళకు మళ్లీ ప్రాణం పోశాడు. రెండో ప్రపంచ యుద్ధం, దాని వెంటే 1946-49 అంతర్యుద్ధం, ఆ పేదరికం ఇంకో పెద్ద అలను అమెరికా, ఆస్ట్రేలియా, జర్మనీలకు తోసింది. ఈ మనుషులు మూటల్లో కట్టుకుపోయింది ఇంటి ఐకాన్, కుట్టుపని, వృత్తి, వంటింటి మాట. పార్థెనాన్ వాళ్లకు బడిపుస్తకంలో బొమ్మ మాత్రమే.

బంగారానికే మళ్లీ వద్దాం. 1933లో ఏథెన్స్‌లో పుట్టిన క్రిస్సా వర్దెయా పారిస్‌లో కొన్నాళ్లు చదివి, 1950ల మధ్యలో అమెరికా చేరింది. న్యూయార్క్‌లో ఆమెను పట్టేసినవి టైమ్స్ స్క్వేర్ సైన్‌బోర్డులు, వాటి అక్షరాలు, నియాన్ దీపాలు. నియాన్ అప్పటికి సినిమాహాలు ముందు, బారు ముందు వెలిగే చౌక వెలుగు. దాన్ని శిల్పానికి పదార్థంగా చేసుకున్న తొలి తరంలో ఆమె ఒకరు. 1966లో పూర్తయిన ‘టైమ్స్ స్క్వేర్ ద్వారాలు’ పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న కట్టడం. ఉక్కు, ప్లెక్సీగాజు, నియాన్‌తో చేసినది. మధ్యలోంచి మనిషి నడిచి వెళ్లవచ్చు. ఇది అమెరికా వాణిజ్య నగరం గురించిన శిల్పమే, సందేహం లేదు. కానీ టైమ్స్ స్క్వేర్ ఆకాశాన్ని ఆమె బైజాంటిన్ మొజాయిక్‌ల బంగారు నేపథ్యంతో పోల్చి మాట్లాడింది. ఐకాన్‌లో బంగారం నింపడానికి వాడే రంగు కాదు. వెలుగు బయటి నుంచి వస్తువు మీద పడదు, లోపలి నుంచి చూసేవాడి మీదకు వస్తుంది. నియాన్ చేసేది కూడా సరిగ్గా అదే. స్టీఫెన్ ఆంటొనాకోస్ విషయంలో ఈ మాటకు ఇంకా గట్టి ఆధారం ఉంది. 1926లో దక్షిణ గ్రీస్‌లోని లకోనియా పల్లెలో పుట్టి, నాలుగేళ్ల వయసులో న్యూయార్క్ చేరిన ఆయన 1960 నుంచి నియాన్‌తోనే బతికాడు. మొదట అసంపూర్ణ వృత్తాలు, చతురస్రాలు, భవనాల గోడల మీద భారీ వెలుగు గీతలు. ఏ మతమూ కనిపించని జ్యామితి. తర్వాత పలకల వెనక నియాన్ దాచి, అంచుల నుంచి మాత్రమే వెలుగు గోడ మీదకు పారేలా చేశాడు. కొన్ని పలకలకు బంగారు రేకు అద్దాడు. చివరికి ప్రార్థన మందిరాలే కట్టసాగాడు. 1997లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో గ్రీస్ తరఫున ఆయన పెట్టింది ‘స్వర్గ సోపానం’ పేరుగల మందిరం. సైనై కొండ కింది సెయింట్ కాథరీన్ మఠంలో సన్యాసులు నిచ్చెన ఎక్కుతున్న పన్నెండో శతాబ్దపు ఐకాన్ ఒకటి ఉంది. ఆ పేరు వినగానే గ్రీకు ఆర్థడాక్స్ ఇళ్లలో పెరిగినవాళ్లకు గుర్తొచ్చే బొమ్మ అదే. ఇన్నేళ్ల జ్యామితి ఎటు నడుస్తోందో ఆ పేరు బయటపెట్టింది.

లూకాస్ సమరాస్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. వేళ్లు ఎంత ముళ్లుగా ఉండగలవో ఆయన పని చూస్తేగాని తెలియదు. ఉత్తర గ్రీస్‌లోని కస్టొరియాలో 1936లో పుట్టాడు. చిన్నతనమంతా యుద్ధం, అంతర్యుద్ధం. 1948లో కుటుంబం అమెరికా చేరి న్యూజెర్సీలో స్థిరపడింది. 1960ల నుంచి ఆయన చేసిన పెట్టెలు ఇప్పుడు పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. మూత తెరిస్తే లోపల వేలాది గుండుసూదులు, పూసలు, అద్దం ముక్కలు, ఊలుదారం, కత్తులు, మధ్యలో ఎక్కడో కళాకారుడి ఫొటో. ముట్టుకోవాలనిపిస్తుంది, ముట్టుకుంటే గుచ్చుకుంటుంది. ఆర్థడాక్స్ చర్చిల్లో సాధువుల అవశేషాలను నగిషీ పెట్టెల్లో దాస్తారు. కొన్ని ఐకాన్ల మీద వెండి తొడుగు వేసి ముఖం, చేతులు మాత్రం కనిపించనిస్తారు. మొక్కు తీరినవాళ్లు కన్ను, చెయ్యి, కాలు అచ్చు వేసిన చిన్న లోహపు రేకులు ఐకాన్ ముందు వేలాడదీస్తారు. మన గుళ్లలో వెండి కళ్లు, వెండి పాదాలు హుండీలో వేసినట్టే. కస్టొరియా పదుల కొద్దీ బైజాంటిన్ చర్చిలున్న ఊరు. ఆ ఊరికి ఇంకో విషయంలో కూడా పేరుంది, బొచ్చుతోలు వ్యాపారం. అక్కడి పనివాళ్ల ప్రత్యేకత ఏమిటంటే, బయటి నుంచి తెప్పించుకున్న చిన్న చిన్న తోలు ముక్కలను అతుకు కనిపించకుండా కుట్టి నిలువు కోటు తయారుచేయడం. 1970ల చివర నుంచి సమరాస్ రకరకాల గుడ్డముక్కలు కుట్టు మిషను మీద అతికి, గోడ నిండేంత పెద్ద ‘పునర్నిర్మాణాలు’ చేశాడు. ఈ రెంటికీ మధ్య గీత గీసింది నేనే, అది నా అనుమితి. కానీ ఏ ఆధారమూ లేని ఊహ కాదు. 1964లో ఆయన న్యూజెర్సీ ఇంట్లోని తన పడకగదిని సామానుతో సహా మన్‌హట్టన్ గ్యాలరీలోకి మార్చాడు. ఊరు, ఇల్లు, గది అనేవి ఎత్తుకుపోగలిగిన వస్తువులని వలస వెళ్లినవాడికి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? సరిగ్గా ఇదే పదార్థాలతో సైప్రస్‌లో ఇంకో మనిషి కుస్తీ పట్టాడు. మరథోవునో పల్లెలో 1924లో పుట్టిన క్రిస్టొఫొరోస్ సావా లండన్, పారిస్ చదువుల తర్వాత తిరిగివచ్చి, 1960లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే నికోసియాలో గ్యాలరీ పెట్టాడు. తెల్ల గుడ్డలు, పూల గుడ్డలు కత్తిరించి కుట్టి వాటినే చిత్రాలన్నాడు. చివర్లో గుండుసూదుల వరుసలతోనే ఉబ్బెత్తు బొమ్మలు చేశాడు. 1968 వెనిస్ బియెన్నాలేలో సైప్రస్ మొదటిసారి పాల్గొన్నప్పుడు ఆయన పని అక్కడ ఉంది. అదే ఏడు జులైలో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో చనిపోయాడు. సమరాస్‌కూ సావాకూ సంబంధం ఉందని నేను అనను. ఆడవాళ్ల కుట్టుపని అని పక్కనపెట్టిన విద్యను ఇద్దరు మగ కళాకారులు తెచ్చి ఆధునిక కళ నడిబొడ్డున పెట్టారన్నదే నా మాట. సైప్రస్‌లో లెఫ్కారా పల్లె లేసు అల్లికను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. సావా ఆ విలువను నలభై ఏళ్ల ముందే గుర్తించాడు.

ఇక అభ్యంతరాలు. మొదటిది న్యాయమైనది. ఇంటిపేరు చూసి పనిలో గ్రీకుతనం పసిగట్టడం కుల జాతకం చెప్పడం లాంటిది కాదా? క్లిమ్ట్ బంగారం వాడాడు, ఈవ్ క్లైన్ వాడాడు, వాళ్లెవరూ గ్రీకులు కారు. కునెలిస్ స్వయంగా తాను మనిషిగా గ్రీకువాణ్ణయినా కళాకారుడిగా ఇటాలియన్‌నేనని చెప్పుకున్నాడు. ఈ అభ్యంతరాన్ని సగం ఒప్పుకోవాలి. తాకిస్ ఉదాహరణే తీసుకోండి. 1925లో ఏథెన్స్‌లో పుట్టిన ఈ శిల్పి పొడవాటి ఇనుప కమ్మీల కొసల్లో దీపాలు పెట్టి ‘సిగ్నల్స్’ చేశాడు. వాటికి ప్రేరణ ఫ్రాన్స్‌లోని కలే రైల్వే స్టేషన్ సిగ్నల్ దీపాలు. తర్వాత ఆయన్ని నడిపింది అయస్కాంతం. అందులో గ్రీకు ఆత్మను వెతకడం వృథా ప్రయాస. మోంటానాలో గ్రీకు వలస కుటుంబంలో పుట్టి అమెరికన్ మట్టిపనిని తలకిందులు చేసిన పీటర్ వూల్కోస్ కుండల్లో ప్రాచీన గ్రీకు కలశాలు కనిపించాయని రాసేవాళ్లు ఉన్నారు. నాకైతే అక్కడ జపాన్ కట్టెల బట్టీ, న్యూయార్క్ చిత్రకారుల దూకుడు ఎక్కువ కనిపిస్తాయి. విలియం బాజియోటిస్ 1947లో వేసిన ‘సైక్లోప్స్’ ఇంకా తమాషా. పిట్స్‌బర్గ్‌లో గ్రీకు దంపతులకు పుట్టినవాడు, ఒంటికన్ను రాక్షసుడి పేరు, ఇంకేం కావాలి? తీరా చూస్తే ఆ బొమ్మకు ఊపిరి బ్రాంక్స్ జూలో ఆయన చూసిన ఖడ్గమృగం. అందుకని వంశం ఒక్కటే ఆధారం కాకూడదు. పదార్థం, కళాకారుడు పెరిగిన ఊళ్లో దాని వాడుక, పనికి పెట్టిన పేరు, కళాకారుడి మాట, వీటిలో కనీసం రెండు కలిసివచ్చిన చోటే మూలం గురించి మాట్లాడాలి. కునెలిస్ గోడ ఈ పరీక్ష నెగ్గుతుంది. ఒంటరిగా బంగారం అయితే ఎవరిదైనా కావచ్చు. బంగారం, దీపం, మనిషి ఖాళీ చేసిన స్థానం కలిసివస్తే అది ఐకాన్ అమరిక. రోమ్‌లో కూర్చుని ఇటాలియన్ బంగారు చిత్రాల నుంచి నేర్చుకున్నాడనుకున్నా వాదన కూలిపోదు. మధ్యయుగపు ఇటలీకి ఆ బంగారు నేపథ్యం చేరింది బైజాంటియం నుంచే.

రెండో అభ్యంతరం తీరు వేరు. పాలరాయి పరాయివాళ్ల కల్పన అంటున్నారు సరే, ప్రాచీన గ్రీస్ కూడా ఈ కళాకారుల ఆస్తే కదా, దాన్ని వదులుకోమంటారా? వదులుకోనక్కర్లేదు. ఎలా తీసుకోవాలన్నదే ప్రశ్న. క్రిస్సా 1950ల్లో చేసిన ‘సైక్లాడిక్ పుస్తకాలు’ చూస్తే జవాబు దొరుకుతుంది. పారేసిన అట్టపెట్టెల మడతల్లో ప్లాస్టర్ పోసి తీసిన అచ్చులవి. నున్నటి తలం మీద మధ్యగా ఒక గీత, పైన అడ్డంగా ఇంకోటి. నాలుగైదు వేల ఏళ్ల కిందటి సైక్లాడిక్ బొమ్మల్లో కళ్లూ నోరూ లేని ముఖం మీద ఉబ్బెత్తుగా ఉండే ముక్కు అదే. ఆమె ప్రాచీనతను మ్యూజియంలో నకలు తీయలేదు, న్యూయార్క్ చెత్తలో కనిపెట్టింది. లిండా బెంగ్లిస్ ఇంకో అడుగు వేసింది. 1941లో లూసియానాలోని లేక్ చార్ల్స్‌లో పుట్టిన ఆమె తండ్రివైపు గ్రీకు. టర్కీ తీరానికి కూతవేటు దూరంలో ఉన్న కస్టెలొరీజో అనే బుల్లి ద్వీపం వాళ్ల మూలం. చిన్నప్పుడు నాయనమ్మతో కలిసి గ్రీస్ చూసింది. ఆమె చేసిన లోహపు ముడులు, వైర్‌మెష్‌ను మడతలు పెట్టి కరిగిన లోహం చిమ్మిన శిల్పాలు ప్రాచీన దేవతల వస్త్రపు కుచ్చిళ్లను గుర్తుచేస్తాయి. దేవత లేదు, కుచ్చిళ్లు మాత్రం ఉన్నాయి. దేహం ఉన్నట్టే వంపులు తిరుగుతాయి. అక్కడ లూసియానా కార్నివాల్ మెరుపు కూడా ఉంది. 1970ల చివర నుంచి అహ్మదాబాద్‌లో సారాభాయ్ కుటుంబం దగ్గర ఏళ్ల తరబడి ఉంటూ పనిచేసినప్పుడు అంటిన రంగూ ఉంది. 2019లో ఏథెన్స్‌లోని సైక్లాడిక్ కళా మ్యూజియంలో ఆమె పనిని ప్రదర్శించారు. మూడు నేలల వేళ్లు ఒకే మడతలో కలిసిన ఇలాంటి పనిని చూసి ఇది గ్రీకా కాదా అని పట్టుబట్టడం అర్థం లేనిది. గ్రీకు కూడా అంటే చాలు.

మూడోది, ఇటువంటి ముద్రలే కళాకారుణ్ని చిన్నవాణ్ణి చేస్తాయన్న భయం. దీన్ని తేలిగ్గా తీసెయ్యలేం. 1951 జనవరిలో లైఫ్ పత్రిక అచ్చువేసిన ఫొటోలో న్యూయార్క్ అమూర్త చిత్రకారులు పదిహేను మంది కనిపిస్తారు. పొల్లాక్, రోత్‌కో, డి కూనింగ్ ఉన్న ఆ గుంపులో ఇద్దరు, బాజియోటిస్, థియొడోరోస్ స్టామోస్, గ్రీకు వలసదారుల బిడ్డలు. అప్పుడు వాళ్లను ఎవరూ గ్రీకు చిత్రకారులని పిలవలేదు. పిలవకపోవడం వల్లే వాళ్లు ఆ వరుసలో నిలవగలిగారేమో కూడా. కానీ స్టామోస్ దారి చివరిదాకా చూడాలి. రోత్‌కో ఆస్తి నిర్వాహకుల్లో ఒకడిగా 1975లో న్యూయార్క్ కోర్టు ఆయన్ని తప్పుపట్టింది. అమెరికాలో పేరు మసకబారింది. అప్పటికే తండ్రి పుట్టిన అయోనియన్ సముద్రపు ద్వీపం లెఫ్కాడా ఆయనకు రెండో ఇల్లు. ‘అనంత క్షేత్రం, లెఫ్కాడా’ పేరుతో ఏళ్లపాటు ఒక చిత్రమాల వేశాడు. పెద్ద పెద్ద రంగు తలాలు, వాటి మీద చీలికలా ఒక గీత. సముద్రం వేయలేదు, ఊరు వేయలేదు. కానీ ద్వీపం పేరును తన చేత్తో చిత్రానికి పెట్టినప్పుడు, అది కేవలం అమెరికన్ అమూర్త కళ అని విమర్శకుడు పట్టుబట్టడం కూడా ఒక ముద్రే. ముద్ర భయంతో మూలాన్ని చెరిపేస్తే చిత్రంలో సగం కనిపించదు. స్టామోస్ 1997లో గ్రీస్‌లోనే చనిపోయాడు.

ఈ మూలాలు వెనక్కి మాత్రమే చూస్తాయనుకుంటే పొరపాటు. కళాకారుడిగా ఇటాలియన్‌నన్న కునెలిస్ 1994లో పిరేయస్ రేవులో అయోనియన్ అనే సరుకు ఓడ గోదాముల్లో తన పనిని పెట్టాడు. బొగ్గు, గోనెసంచులు, ఇనుప పలకలు ఆయన 1960ల నుంచీ వాడుతున్నవే. రోమ్ గ్యాలరీలో అవి పేద పదార్థాల కళాఉద్యమానికి గుర్తులు. పుట్టిన రేవులో, ఓడ కడుపులో పెట్టేసరికి అవి ఎక్కడి నుంచి వచ్చాయో విడిగా చెప్పనక్కర్లేకపోయింది. ఓడల యజమానుల ద్వీపంగా పేరున్న ఇనూసెస్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ కలియోపి లెమోస్ ఇంకొంచెం ముందుకు వెళ్లింది. ఆసియా, ఆఫ్రికాల నుంచి వచ్చినవాళ్లు ఏజియన్ దాటి గ్రీకు తీరాల్లో వదిలేసిన చెక్క పడవలను సేకరించి, 2006లో గ్రీస్‌లోని ఎల్యూసిస్‌లో, తర్వాత ఇస్తాంబుల్‌లో, 2009లో బెర్లిన్‌లోని బ్రాండెన్‌బర్గ్ గేటు ముందు నిలబెట్టింది. అదే సముద్రం మీద 1922లో తన జాతివాళ్లు పడవలెక్కి పారిపోయారు. వారసత్వాన్ని ఆమె పక్కవాడి కష్టాన్ని పోల్చుకునే శక్తిగా మార్చుకుంది. పండగ దుస్తుల నృత్యాలు, గుమ్మానికి రెండు థర్మోకోల్ స్తంభాలు పెట్టి జరిపే వారసత్వ ఉత్సవాలకు ఈ శక్తి ఉండదు.

అందుకే గ్రీకు మూలాల కళ మీద ప్రదర్శన పెట్టేవాళ్లకూ రాసేవాళ్లకూ ఒక విన్నపం. పార్థెనాన్ ఫొటో పక్కన పెట్టండి. క్రిస్సా అట్టపెట్టెలతో, సావా గుండుసూదులతో మొదలుపెట్టండి. చూసేవాళ్లు కూడా గోడ మీది పేరుపలక చదవకముందే ఆ వస్తువు దేనితో చేశారో, ఎలా కుట్టారో, వెలుగు ఎటు నుంచి వస్తోందో ఒక్కసారి చూడండి.